ఎన్నికల అధికారికి ఎన్నిక కావాలా?

అమెరికాలో చాలా రాష్ట్రాలలో ఎన్నికలు జరిపించే అధికారిని కూడా ప్రజలే ఎన్నుకుంటారు. ఆయనా సాధారణంగా పార్టీ టిక్కెట్టు మీద నిలబడేవాడే! నా మట్టుకు అది నచ్చదు.

మన రాష్ట్ర ఎన్నికల కమిషనరును గవర్నరు నియమిస్తారు. నియామకం తర్వాత ఆయన సర్వీసు షరతులను నష్టం కలిగేలా మార్చరాదని రాజ్యాంగంలోని 243-కె అధికరణం చెబుతోంది. సర్వీసు రిజిస్టర్ల మధ్య బతికిన మనకు ఆ మాట విలువ వేరే చెప్పాలా?

2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు ద్వారా పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ గారి పదవి పోయింది. మే 29న హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆగస్టులో ఆయన తిరిగి బాధ్యతలు స్వీకరించారు. 2018 నుంచి సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న మన పల్లెలకు, 2021 ఫిబ్రవరిలో, కల్లాల్లో మిరపకాయలు ఆరుతుండగా, నాలుగు విడతల పోలింగు జరిపించింది ఆయనే.