తీగలు లేని వల: అమరిక, పరీక్ష



హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల కొండవాలున వెలసిన పట్టణం. ఎదుటి వాలుమీది బడి చేయి చాస్తే అందేటట్లు కనిపిస్తుంది. నడుమ లోయ, దట్టమైన చెట్లు. తీగ లాగడం కష్టం. ఒక్క ఎత్తైన స్తంభం నుండి అందరికీ సంకేతాలు పంపుదామంటే కొండ మలుపులు అడ్డు. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో వాడుకొనేవారికి లైసెన్సు అక్కరలేదని ప్రకటించింది. ఫిబ్రవరి ముగిసేనాటికే అక్కడ ఎనిమిది ప్రాంగణాలు తీగ లేకుండా కలిశాయి. తరువాతి కాలంలో ముప్పైకి పైగా కేంద్రాలు, రెండు వేలకు పైగా కంప్యూటర్లు ఆ వలలో చేరి, పాఠశాలలు, ఆసుపత్రులు, మఠాలు ఒకే ఇంటర్నెట్‌ను పంచుకొన్నాయి.

దీనినే మెష్ నెట్‌వర్క్ అంటారు. వల అన్న తెలుగు మాట దానికి చక్కగా సరిపోతుంది. ప్రతి కప్పుమీది యాక్సెస్ పాయింట్ తన ఇంటివారికి సేవ చేయడమే కాక, పొరుగువాని సందేశాన్ని అందుకొని ఆవలివానికి అందిస్తుంది. నిప్పు అంటుకొన్నప్పుడు చెరువు నుండి చేతులు మార్చి బిందెలు అందించే వరుస వంటిది. కాకపోతే ఒకే రేడియో గల పెట్టె ఒంటిచేతివాడు, అందుకొనేటప్పుడు అందించలేడు. అందుచేత మజిలీ పెరిగినకొద్దీ వేగం దాదాపు సగానికి సగం తరుగుతుంది. ఇంటర్నెట్ వచ్చే ద్వారం నుండి రెండు మూడు మజిలీలకు మించకుండా పెట్టెల చోట్లు నిర్ణయించడం ఇందుకే.

అమర్చేవాడు ముందు మేడ ఎక్కి చూడాలి. కనీసం ఇద్దరు పొరుగువారు కంటికి కనబడాలి. కంటిచూపు ఒక్కటీ చాలదు. తరంగం దారంలా కాక నడుమ లావైన కదురులా సాగుతుంది గనుక చూపురేఖ చుట్టూ కూడ ఖాళీ ఉండాలి. వేసవిలో దాటిన చెట్టును వానాకాలంలో దాటలేకపోవచ్చు, తడిసిన ఆకులు ఈ తరంగాలను మింగుతాయి. పెట్టెలోనికి పోయే తీగను ముందుగా కిందికి వంచి, ఆపై లోపలికి తీసుకొంటే నీరు ఆ వంపు వద్దనే జారిపోతుంది. పిడుగుకు ఎర్తు తప్పనిసరి. ధర్మశాలలో కోతులకు తట్టుకొనే బిగింపు కూడ చూసుకోవలసి వచ్చింది! అది ఏ యంత్రశాస్త్ర గ్రంథం ముందుగా చెబుతుంది?

ఇక పరీక్ష. ఆకుపచ్చ దీపం వెలగగానే పని ముగిసిందనుకొని నిచ్చెన దించడం లోకంలో చూస్తున్నదే. దీపం విద్యుత్తు ఉన్నదని మాత్రమే చెబుతుంది. సంకేత బలం, పోయిన సందేశాల పాలు, వేగం, ఈ మూడింటిని ఒక్కొక్క మజిలీకి విడివిడిగా కొలవాలి. మొత్తం దారిని ఒకేసారి కొలిస్తే బలహీనమైన ముడి ఎక్కడ ఉన్నదో తెలియదు.

ఆ తరువాత నడుమనున్న ఒక పెట్టెను బుద్ధిపూర్వకంగా ఆపి చూడాలి. తనంతట తానే బాగుపడే వల అని అమ్మకపు పత్రాలలో వ్రాస్తారు. ఆ మాట సగమే నిజం. వేరొక దారి ఉంటేనే సందేశం కొద్ది క్షణాలలో దారి మళ్ళుతుంది. ఇంటర్నెట్ ద్వారం ఒక్కటే అయి అది ఆగితే, ముప్పై పెట్టెలున్నా వెలుపలి లోకం ఉండదు. రెండు దారులకూ విద్యుత్తు ఒకే మీటరు నుండి వస్తే, కాగితం మీద రెండైనా అవి ఒక్కటే. ఆసుపత్రి ఫోను ఆ వల మీద నడుస్తున్నప్పుడు ఈ సంగతి పరీక్షనాడు తెలియడం వేరు, ఆపదనాడు తెలియడం వేరు.

తొలిరోజు అంకెలను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టెకు దగ్గరలోనే ఉంచాలి. కరెంటు పోయిన సాయంత్రం ఒకసారి, జడివాన కురిసేవేళ ఒకసారి అవే కొలతలు మళ్ళీ తీసి, ఆ అంకెల పక్కనే వ్రాయాలి.