కొట్టం కాడ కెమెరా

(లింగాల ఘనపూర్ మండలంలోని ఒక చదువు కేంద్రంలో వలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ వారం సీసీ కెమెరా గురించి మాట్లాడుకుందాం. బస్టాండులో, బ్యాంకులో గోడకు ఉండే పెద్ద కెమెరా కాదు. కరెంటు వైరు లేకుండా బ్యాటరీతో నడిచే చిన్న కెమెరా. అరచేతిలో పడుతుంది. ఇవ్వాళ కొట్టం కాడ పెట్టొచ్చు. రేపు దాన్నే తీసి ఇంటి దర్వాజ కాడ పెట్టొచ్చు.

మనకెందుకు ఈ కెమెరా అంటారా? మన జనగామ వైపు చాలా ఇండ్లకు జీవాలే ఆధారం. 2017లో సర్కారు గొర్ల పంపిణీ మొదలుపెట్టింది. ఒక్కో యూనిటుకు 20 గొర్లు, ఒక పొట్టేలు. అప్పటి ధర 1,25,000 రూపాయలు. అందులో పావు వంతు తీసుకున్నవాళ్లే కట్టారు. ఒక్క రాత్రిలో ఎవరన్నా దొడ్డి తడక తీసి తోలుకుపోతే ఆ ఇల్లు ఏం కావాలె? బాయి కాడ మోటరు ఉంటది. రాగి వైరు ఉంటది. జీడికల్ జాతరకో, రెండేండ్లకోసారి మేడారానికో ఇంటిల్లిపాదీ పోతే తలుపుకు తాళమే కాపలా.

2013లో, మనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా ఉన్నప్పుడు, ప్రజా భద్రత చట్టం ఒకటి వచ్చింది. ఒకేసారి 100 మంది, అంతకు మించి జమయ్యే చోట్ల కెమెరాలు పెట్టాలని, తీసిన బొమ్మలు 30 రోజులు దాచాలని అందులో ఉంది. తర్వాత తెలంగాణ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో జనం తలా ఇంత వేసుకొని వీధుల్లో కెమెరాలు పెట్టుకునేటట్టు చేశారు. అవన్నీ రోడ్డును చూస్తాయి. మన కొట్టాన్ని మనమే చూసుకోవాలి.

ఒక మాట ముందే చెబుతాను. కొట్టం ఇంటిని ఆనుకొని ఉంటే నేనైతే కొనొద్దంటాను. మంచి కుక్క చాలు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

కొనేటప్పుడు మొదట అడగాల్సింది ఇది: “వైఫై కెమెరానా, సిమ్ కెమెరానా?” వైఫై కెమెరాకు దగ్గర్లో నెట్ డబ్బా ఉండాలి. అది ఇంట్లో ఉంటది, బాయి కాడ ఉండదు. కాబట్టి బాయి కాడికి సిమ్ వేసేదే కావాలి. దానికి ఫోన్‌కు వేసినట్టే రీఛార్జి వెయ్యాలి. ఆ ఖర్చు లెక్కలో రాసుకోండి. ఏ కంపెనీ సిమ్ వెయ్యాలి? కెమెరా పెట్టే చోట నిలబడి మీ ఫోన్‌తో వీడియో కాల్ చేసి చూడండి. బొమ్మ ఆగకుండా వస్తే ఆ సిమ్ పనికొస్తుంది. బొమ్మ ఆగి ఆగి వస్తే వేరే కంపెనీ సిమ్‌తో చూడండి.

ఇంటికి తెచ్చినంక పూర్తిగా ఛార్జింగ్ పెట్టండి. ఒక రాత్రి పడుతుంది. మెమరీ కార్డు వెయ్యండి. బొమ్మలు అందులోనే ఉంటాయి. కార్డు నిండితే పాత బొమ్మలు పోయి కొత్తవి పడతాయి. ఫోన్‌లో ఆ కంపెనీ యాప్ దించుకోండి. డబ్బా మీద గళ్ల గళ్ల బొమ్మ ఉంటది. దుకాణంలో ఫోన్‌తో పైసలు కొట్టేటప్పుడు చూస్తాం కదా, అట్లాంటిది. దానికి ఫోన్ చూపిస్తే కెమెరా, ఫోన్ కలుస్తాయి. కొన్ని కెమెరాలకు ఆ బొమ్మ ఫోన్ మీద వస్తే, కెమెరాకు చూపించాలి. ఈ పని ఇంట్లోనే కూచొని చేసుకోండి. నిచ్చెన ఎక్కి చెయ్యొద్దు.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఈ కెమెరా ఎప్పుడూ నిద్రలో ఉంటది. వేడి ఒంటితో ఏదన్నా దాని ముందు కదిలితే లేస్తది, బొమ్మ తీస్తది, మీ ఫోన్‌కు కబురు పంపి మళ్లీ పడుకుంటది. ఎన్నిసార్లు లేస్తే అంత బ్యాటరీ అయిపోతది. డబ్బా మీద ఆరు నెలలు వస్తదని రాసి ఉండొచ్చు. రాసినాయన మన మేకలను చూడలేదు కదా! మేకలకు కూడా వేడి ఒళ్లే. కెమెరాను మందకు ఎదురుగా పెడితే రాత్రంతా లేస్తూనే ఉంటది. ఆరు నెలల బ్యాటరీ వారం కూడా రాకపోవచ్చు. మీ ఫోన్ రాత్రంతా మోగుతది. రెండో రోజు విసుగొచ్చి మీరే ఫోన్ నోరు మూస్తారు. అప్పుడు దొంగ వస్తే?

అందుకే మందను చూపించొద్దు. మంద వైపు కెమెరా వీపు ఉండాలి. దొడ్డికి వచ్చే దారిని చూపించండి. మనిషి కెమెరాకు ఎదురుగా నడిచి వస్తే అది ఆలస్యంగా గుర్తుపడుతుంది. అడ్డంగా నడిచిపోతే వెంటనే గుర్తుపడుతుంది. దారికి పక్కగా, కొంచెం వాలుగా పెట్టండి. ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. ఇంకా పైన పెడితే నెత్తి మీది తువ్వాల కనబడుతుంది గాని ముఖం కనబడదు.

మన ఎండలు తెలిసినవే. ఈ బ్యాటరీకి ఎండ పడదు. రేకుల కొట్టమైతే రేకుకు ఆనించి బిగించొద్దు. చూరు కింద, నీడలో, గాలి తగిలేటట్టు ఉండాలి. సోలార్ ప్లేటు ఉంటే దాన్ని మాత్రం ఎండలో పెట్టి వైరుతో కెమెరాకు కలపాలి. బ్యాటరీ ఉబ్బితే ఇక వాడొద్దు. పొడవొద్దు, పొయ్యిలో వెయ్యొద్దు. పిల్లలకు ఆటకు అసలే ఇవ్వొద్దు. రాత్రిపూట కెమెరా వెలుగుకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తది. గూడు కడితే బొమ్మంతా తెల్లగా పొగలాగ కనబడుతుంది. పొడి బట్టతో తుడవండి.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. కెమెరా ఎవరి ఫోన్‌లో ఉండాలి?

“మా ఆయన ఫోన్‌లో పెడితే అయిపాయె” అని ఒక అక్క నిన్ననే అన్నది. ఆయన లారీ మీద పోతే పది రోజులకు గాని రాడు. కబురు ఆయనకు పోతది, కొట్టం కాడ నువ్వుంటవు. ఇంకొకటి. ఈ కెమెరా చూడడమే కాదు, వింటది కూడా. అరుగు మీద కూచొని మనం మాట్లాడుకునే మాటలు ఎక్కడో పట్నంలో ఉన్న కొడుకు ఫోన్‌లో వినబడతాయి. చెడ్డ కొడుకని కాదు. ఎవరు వింటున్నారో మనకు తెలియాలి కదా. యాప్‌లో మాట వినబడకుండా చేసే మీట ఉంటది. దాన్ని ఆపండి.

మొదటి ఖాతా మీ పేరు మీద, మీ నంబరుతో తెరవండి. తర్వాత మీ ఆయనకో, కొడుక్కో చూసే వీలు ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్లే తీసెయ్యగలరు. ఫోన్ బిగించిన పిల్లగాని పేరు మీద ఖాతా ఉంటే తాళంచెవి వాని జేబులో ఉన్నట్టే.

పాస్‌వర్డ్ కూడా మీరే రాయండి. కంపెనీ వేసింది ఉంచొద్దు. 2016లో ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాం దేశదేశాల్లో లక్షల కెమెరాల్లో, నెట్ డబ్బాల్లో దూరింది. తాళం పగలగొట్టలేదు. కంపెనీ వేసిన పాస్‌వర్డ్‌లు సుమారు 60 దాని దగ్గర పట్టీ రాసి ఉన్నాయి. ఒక్కొక్కటి వేసి చూసింది. మార్చనివాళ్ల కెమెరాలు తెరుచుకున్నాయి. అందుకని 12345 వద్దు. ఫోన్ నంబరు వద్దు. మీకొక్కరికే తెలిసిన మాట, దాని పక్కన కొన్ని అంకెలు వెయ్యండి. ఇన్ని రోజులు అక్షరాలు దిద్దాం. ఈ ఒక్క మాట ఇంకొకరితో ఎందుకు రాయించుకోవాలె?

పక్కింటి సంగతి కూడా చూడాలి. మన ఊళ్లల్లో చాలా ఇండ్లకు స్నానాల గది పైన కప్పు లేదు. చుట్టూ తడకే. మీ కెమెరా కొంచెం పక్కకు తిరిగితే పక్కింటి ఆడవాళ్లు కనబడతారు. తెలిసీ అట్లా తీస్తే నేరం. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 77వ సెక్షన్ ఇదే. మొదటిసారికి ఏడాది నుంచి మూడేండ్ల దాకా జైలు, జుర్మానా. మీ వైపు ఎవరి కెమెరా అయినా తిరిగి ఉంటే ముందు అడగండి. “నీ ఫోన్‌లో ఏం కనబడుతుందో చూపియ్యి వదినా” అనండి. వినకపోతే ఠాణాకు పోండి.

రాత్రి రెండింటికి ఫోన్ మోగి, దొడ్డి కాడ మనిషి కనబడ్డాడనుకోండి. ఒక్కరే పరుగెత్తొద్దు. కెమెరా దొంగను పట్టుకోదు, చూపిస్తది అంతే. పక్కవాళ్లను లేపండి. 100 కో, 112 కో ఫోన్ చెయ్యండి. ఆ బొమ్మను వెంటనే ఫోన్‌లోకి దించుకోండి. దొంగ కెమెరా పీక్కపోతే కార్డు కూడా దానితోనే పోతది.

బిగించిన రోజు రాత్రే పరీక్ష పెట్టండి. మీరు ఇంట్లో ఫోన్ పట్టుకొని కూచోండి. మీ ఆడబిడ్డనో, చెల్లెనో దొంగలాగ దొడ్డి దారిలో నడవమనండి. ఫోన్ మోగిందా? మనిషి ముందుకు వచ్చినంక మోగిందా, దాటిపోయినంక మోగిందా? దాటిపోయినంక మోగితే కెమెరాను ఇంకొంచెం ముందు దారి వైపు తిప్పండి. ముఖం గుర్తుపట్టేటట్టు ఉందా? లేకపోతే ఒక జానెడు కిందికి దించి మళ్లీ నడవమనండి.