విత్తే పూట: దక్షిణ రాయలసీమలో వేరుశనగ దిగుబడి (స్నాతకోత్సవ ప్రసంగం)

వర్షాధార వేరుశనగ దిగుబడి చాలావరకు విత్తిన రోజునే తేలిపోతుంది. కలుపు ఆలస్యంగానైనా తీయవచ్చు, తెగులు కనబడ్డాకనైనా మందు కొట్టవచ్చు. గింజ పడిన తేదీని, లోతును, సాలులో మొక్కల లెక్కను మాత్రం ఆ పంటకాలంలో మళ్ళీ దిద్దడం కుదరదు. పాత చిత్తూరు జిల్లాలో, పక్కనున్న అనంతపురం, కడప జిల్లాల్లో శెనక్కాయ పండించే కుటుంబాలు ఈ సంగతిని రెండు మాటల్లో చెబుతాయి: అదను, పదును. అదను కాలానిది, పదును నేలలోని తడిది. ఆ రెండూ కలిసొచ్చే రోజులు ఏ ఏడాదైనా కొద్దిగానే ఉంటాయి.

ఈ ప్రాంతానికి రెండు రుతుపవనాల వాన అందుతుంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు మెట్ట పొలాలు ఎక్కువగా నైరుతిని నమ్ముకుంటాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఈశాన్య వానలు బలంగా పడతాయి. ఖరీఫ్ వేరుశనగను ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ ఆఖరు నుంచి జూలై మూడో వారంలోగా విత్తాలనడం వెనక గట్టి లెక్క ఉంది. గుత్తి రకాల పంటకాలం 105 నుంచి 110 రోజులు. విత్తిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. 40వ రోజు ప్రాంతంలో ఊడలు నేలలోకి దిగుతాయి. అక్కణ్ణించి 75వ రోజు దాకా కాయ ఊరుతుంది. నేలలో తడి తప్పనిసరిగా ఉండాల్సిన కాలం ఆ అయిదు వారాలే. నేల గట్టిపడితే ఊడ దిగదు, దిగని ఊడ ఎండిపోతుంది. పునర్వసులో విత్తిన చేను ఆ దశకు వచ్చేసరికి మఖ, పుబ్బ, ఉత్తర కార్తెల వానలు అందుకుంటుంది. విత్తడం ఆగస్టులోకి జరిగితే తిక్కా ఆకుమచ్చ పైరును గట్టిగా పట్టుకుంటుంది, కోత నవంబరు తుపాను వానల్లో పడుతుంది. గుత్తి రకాల గింజకు సాధారణంగా నిద్రావస్థ ఉండదు కాబట్టి, ముదిరిన కాయ తడి నేలలో ఉండిపోతే చేలోనే మొలకెత్తుతుంది.

అదను దొరికినా పదును దొరకాలి. ఎర్రనేల వాన వెలిసిన రెండు మూడు రోజుల్లోనే ఆరిపోతుంది. రైతు సాలు పక్కన జానెడు లోతు గోకి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కి చూస్తాడు. ముద్ద నిలిచి, వేలితో తట్టగానే పొడిగా విడిపోతే అది విత్తే పదును. ముద్ద చేతికి అంటుకుంటే ఒక పూట ఆగాలి. పైమట్టి మాత్రమే తడిసిన జల్లుకు విత్తితే గింజ ఉబ్బి, వేరు దింపలేక చస్తుంది. ఆ నష్టం ఖరీదైనది, ఎందుకంటే వేరుశనగ సాగు ఖర్చులో విత్తనానిది పెద్ద వాటా. తిరుపతి వ్యవసాయ కళాశాల నుంచి పట్టాతో బయటికి వచ్చేవారిని పల్లెలో మొట్టమొదట అడిగే ప్రశ్న ‘ఇప్పుడు ఇత్తనం వేయొచ్చా?’ అన్నదే. దానికి జవాబు కాగితంలో కంటే ఆ పిడికిట్లోనే ముందు దొరుకుతుంది.

లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు. కాయల్లో ఎక్కువ భాగం గింజాకుల చంకల్లోంచి వచ్చే మొదటి జత కొమ్మల మీదే కాస్తాయి. గింజ లోతుగా పడితే ఆ కొమ్మలు మట్టిలోనే అణిగిపోతాయి, మొలక కూడా నీరసంగా వస్తుంది. పాత పద్ధతిలో గొర్రు వెనక ఒక మనిషి నడుస్తూ, వెదురు గొట్టాలు కలిసే జడ్డిగంలోకి పిడికిలి సందుల్లోంచి గింజలు జారవిడిచేవారు. ఎక్కువసార్లు ఆ మనిషి ఆడమనిషే. అడుగుకు మూడు గింజలు పడాలని ఆమె వేళ్ళకు తెలుసు. సాలు వంకర పోకుండా, గింజ తప్పకుండా రోజంతా నడిచే ఆ నైపుణ్యానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ట్రాక్టరు గొర్రు వచ్చాక లాభం ప్రధానంగా వేగంలో ఉంది: పదును ఆరేలోగా ఎక్కువ ఎకరాలు విత్తడం సాధ్యమైంది. అయితే ఆ గొర్రులో గింజను వదిలే పళ్ళెం రంధ్రం గింజ సైజుకు సరిపోకపోతే గింజ పగులుతుంది, ఎర్రని పొర చిట్లిన గింజ చాలాసార్లు మొలవదు.

వర్షాధారంలో సాళ్ళ మధ్య 30, సాలులో మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచితే చదరపు మీటరుకు 33 మొక్కలు, ఎకరాకు సుమారు 1.33 లక్షలు వస్తాయి. వంద గింజల బరువు 40 గ్రాములున్న రకానికి ఆ లెక్కన 53 కిలోలు కావాలి. మొలవనివి కూడా కలుపుకుంటే 60 కిలోలు. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకం దశాబ్దాలపాటు సీమను ఏలింది. ఆ తర్వాత 2005లో వచ్చిన కదిరి-6, తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వంటివి దాని చోటు పంచుకున్నాయి. రకం మారినప్పుడు గింజ బరువు మారుతుంది. గింజ బరువెక్కినా విత్తన మోతాదు పాతదే కొనసాగితే చేను పలచబడుతుంది.

పలచని చేను ఎంత ప్రమాదమో 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చూసింది. కాండం కుళ్ళు తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్లను కమ్మి, 300 కోట్ల రూపాయలకు మించిన నష్టం తెచ్చింది. కారణం పొగాకు స్ట్రీక్ వైరస్. గట్లమీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో అది ఉంటుంది. ఆ పుప్పొడిని మోసుకొచ్చే తామర పురుగులు లేత ఆకును గీకినప్పుడు వైరస్ మొక్కలోకి ఎక్కుతుంది. దీనికి మందుల కంటే విత్తనం నాటి జాగ్రత్తలే ఎక్కువ పనిచేస్తాయి: ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి, పొలం చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ, వయ్యారిభామను పూతకు ముందే పీకెయ్యడం, ఖాళీలు లేని మొక్కల సంఖ్య. మొక్కల మధ్య నేల బోసిగా కనబడే చేలమీద తామర పురుగులు ఎక్కువగా వాలతాయి. మొదలు కుళ్ళుకు కూడా మందు విత్తనానికి పట్టించేదే, కిలోకు ఒక గ్రాము టెబుకొనజోల్.

రాగిలో కథ వేరు. అక్కడ ఆయువుపట్టు నారు వయసు. పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చిన వకుల వంటి రకాలైనా, ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతాయి, కంకులు తగ్గుతాయి. గుళి పద్ధతిలో లేత నారును ఎడంగా నాటుతారు. మొక్కలు తక్కువైనా ఒక్కో మొక్క గుబురుగా పిలకలేస్తుంది.

వేరుశనగ మొక్కకు అలా ఖాళీని పూడ్చుకునే శక్తి తక్కువ. అందుకే విత్తిన పదో రోజున చదరపు మీటరు కొలిచి మొక్కలు లెక్కపెట్టాలి. ఖాళీల్లో అప్పటికప్పుడు మళ్ళీ గింజ పెడితే పనికొస్తుంది. మూడు వారాలు దాటాక పెట్టినది పెద్ద మొక్కల నీడలో కాయ పట్టదు, అలాంటి చోట అలసంద మేలు. ఆగస్టు మధ్య వరకు వాన రాకపోతే వేరుశనగ ఆశ వదులుకొని, ఆ దుక్కిలోనే ఉలవ చల్లుతారు.