గేటు దాటి వెంట వచ్చేది

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరిట మాట్లాడమన్నారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లి, తర్వాత గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ జీవితం ధారపోసిన ఆయన కథ మీకు తెలిసిందే. అందుకే జైలు చదువుల చరిత్రను ఎంచుకున్నాను.

మెకాలే 1835లో విద్య మీద రాసిన మినిట్‌ను తిట్టని చరిత్రకారుడు లేడు. ఆయన సభ్యుడిగా ఉన్న జైళ్ల కమిటీ 1838లో ఇచ్చిన నివేదికను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఖైదీకి చదువూ వద్దు, నీతిబోధా వద్దు, విసుగు పుట్టించే చాకిరీ చాలునని అది తేల్చింది.

పదిహేనేళ్లు గడిచేసరికి ఆగ్రా సెంట్రల్ జైల్లో ఖైదీలు అక్షరాలు దిద్దుతున్నారు. నేను ఎక్కువ కాలం పనిచేసింది ఈ ఘట్టం మీదే. అప్పుడు ఆగ్రా ఉన్న వాయవ్య రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు జేమ్స్ థామసన్. రైతు తన భూమి లెక్క తానే చదువుకోగలిగితే పట్వారీ రాసిన తప్పును పట్టుకోగలడన్నది ఆయన ఆలోచన. ఆ ఆలోచనతోనే ఊళ్లలో బడులు తెరిపించాడు. అదే గాలి జైల్లోకీ వీచింది. జైళ్ల ఇన్‌స్పెక్టరు వుడ్‌కాక్, ఆగ్రా సూపరింటెండెంటు డాక్టర్ వాకర్ బడి నడిపారు. చదవడం, రాయడం, ఎక్కాలు నేర్పారు. నాలుగు ముక్కలు వచ్చిన ఖైదీయే రాని ఖైదీకి గురువు. మతం మారుస్తారేమోనన్న అనుమానమూ ఆ బడుల చుట్టూ తిరిగింది. 1857 తిరుగుబాటులో ఉత్తరాదిన జైళ్లు బద్దలయ్యాయి. మరుసటి ఏడాది మార్చిలో వాకర్ రెండువందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. అక్కడ ఆయన పేరు మిగిలింది కాఠిన్యానికే. బడి పెట్టిన చెయ్యీ సంకెళ్లు బిగించిన చెయ్యీ ఒకటే కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ తర్వాత జైళ్లలో అక్షరాలు వెనకబడ్డాయి, మగ్గాలు నిలబడ్డాయి. నా తగవు ఇక్కడే. జైలు పరిశ్రమలన్నిటినీ ‘వృత్తి శిక్షణ’ ఖాతాలో రాసేసే పండితులున్నారు. విక్టోరియా రాణి జూబిలీకి ఆగ్రా ఖైదీలు నేసిన తివాచీని సాక్ష్యంగా చూపిస్తారు. విండ్సర్ కోటలోని వాటర్‌లూ చాంబర్లో పరిచిన ఆ తివాచీ బరువు రెండు టన్నులు. పనితనానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ అది నేసినవాడు ఊరికి వెళ్లి ఏం చేశాడు? అంత మగ్గం వేయడానికి ఇల్లు చాలదు, ఉన్ని అప్పిచ్చే షావుకారు లేడు, కొనే రాణి అసలే లేదు. దీన్ని శిక్షణ అనడానికి నాకు మనసొప్పదు. భారతీయ కళల మీద రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ 1880లోనే జైలు తివాచీలను దుయ్యబట్టాడు. అయితే ఆయన దిగులు కులవృత్తి నేతగాళ్ల గురించి, కళ చెడిపోవడం గురించి. మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ తివాచీనే చూశారు. అల్లిన మనిషిని చూడలేదు. గేటు దాటాక అతని వెంట వచ్చేదేమిటన్నదే నా కొలమానం. నేర్చిన అక్షరం వెంట వస్తుంది. సర్కారు మగ్గం రాదు. జైలు ఖజానాకు డబ్బు తెచ్చిందే బతికింది, ఖైదీకి మాత్రమే పనికొచ్చేది మూలపడింది అని నేను అనడం ఇందుకే. ఈ మాటకు కోప్పడే మిత్రులు ఈ సభలోనూ ఉన్నారు, తర్వాత తీరిగ్గా వాదించుకుందాం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. 1894 జైళ్ల చట్టాన్ని దాటేస్తాను, అందులో మనకు పనికొచ్చేది తక్కువ. 1919–20లో జైళ్ల మీద వేసిన కార్డ్యూ కమిటీ, ఖైదీని సంస్కరించడమూ జైలు పనేనని ఒప్పుకుంది. స్వాతంత్ర్యం తర్వాత మౌలాలీలో, అనంతపురంలో ఆరుబయలు జైళ్లు వచ్చాయి, వ్యవసాయం నేర్పాయి. జైళ్ల సంస్కరణ మీద 1983 ముల్లా కమిటీ నివేదిక మీరు చదివే ఉంటారు. 1993 నుంచి తీహార్‌లో జైలు అధికారి కిరణ్ బేడీ హయాంలో చదువొచ్చిన ఖైదీలు రానివాళ్లకు చెప్పారు. ఆగ్రా పద్ధతే అది, ఆ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. ఆ తర్వాత సార్వత్రిక విశ్వవిద్యాలయాలు జైల్లోకి వచ్చాయి, డిగ్రీలు వచ్చాయి. తెలంగాణలో వేలిముద్రతో వచ్చినవాళ్లు సంతకంతో వెళ్లాలన్న పట్టుదలతో తరగతులు పెట్టారు. చంచల్‌గూడ పెట్రోలు బంకులో ఖైదీలతోపాటు విడుదలైనవాళ్లకూ పని దొరికింది. విడుదలైనవాళ్లకూ పని దొరికిందన్న మాటే నాకు నచ్చింది.

ఒక్క కోరిక చెప్పి కూర్చుంటాను. ఎన్ని తివాచీలు, ఎన్ని బల్లలు, ఎంత ఆదాయం అని జైలు రిజిస్టర్లలో గళ్లున్నాయి. విడుదలైన ఏడాదికి ఆ మనిషి ఏ పని చేస్తున్నాడని రాసుకునే గడి కూడా ఒకటి పెట్టమని జైళ్లశాఖను ఈ వేదిక మీదనుంచి అడుగుతున్నాను.