ఒక మల్లుని స్వీయచరిత్ర - అభిమాని పఠనము

(ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున స్వీయచరిత్రల బీరువాకు ఒక ప్రత్యేక గౌరవము కలదు. అందు వీరేశలింగము పంతులు వ్రాసికొన్న స్వీయచరిత్ర యుండును. గాంధీ మహాత్ముని సత్యశోధన యుండును. ప్రకాశము పంతులు జీవితయాత్ర యుండును. సంఘమును దిద్దినవారును, దేశమును నడపినవారును వ్రాసిన ఆ గ్రంథముల నడుమ, కూలికై గోదాలో దిగి దెబ్బలు తినిన ఒక కుస్తీవాని పుస్తకమునకు చోటు కలదా? కలదన్నచో దానిని చదివినవానికి కలుగు ప్రయోజనమేమి? ఈ ప్రసంగమునకు ఆ ప్రశ్నయే విషయము.

తెలుగు పల్లెలకు మల్లవిద్య క్రొత్త కాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి ఉక్కు గొలుసులు త్రెంచెననియు, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనెననియు పెద్దలు చెప్పు కథలు నేటికిని వినవచ్చును. అయితే ఇచట ప్రస్తావించునది ఆ మల్లవిద్య కాదు. అది అమెరికా దేశపు వృత్తి కుస్తీ. దాని ధర్మము వేరు.

ఆ కుస్తీలో గెలుపోటములు ముందుగనే నిర్ణయింపబడును. మల్లులిరువురు ఒకరినొకరు ఓడించుటకు గాక, చూపరుల మనస్సును పట్టుకొనుటకు కలిసి పాటుపడుదురు. దశాబ్దముల తరబడి ఆ వృత్తివారు ఈ రహస్యమును బయటికి పొక్కనీయలేదు. గోదాలో శత్రువులైనవారు బజారునందును మిత్రులుగా కనబడరాదను కట్టుబాటు ఉండెడిది. 1989 లో వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ అను సంస్థవారు న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ యెదుట, ఇది క్రీడాపోటీ కాదనియు, వినోద ప్రదర్శనమే యనియు ఒప్పుకొనిరి. ఒప్పుకొనుటకు కారణము సత్యనిష్ఠ కాదు. క్రీడలపై నుండు ప్రభుత్వపు తనిఖీని, పన్నును తప్పించుకొనుటయే.

"అంతయు బూటకమే గదా, చూచుటెందుకు?" అని కుస్తీ అభిమానిని ఎగతాళి చేయువారు ఎల్ల చోట్ల కలరు. ఈ ఆక్షేపణకు సమాధానము తెలుగువారు చిరకాలముగా ఎఱిగినదే. వీధినాటకమున దుర్యోధనుని తొడ విఱుగునని తెలియనివాడెవ్వడు? అయినను పల్లె యంతయు చాపలు పఱచుకొని తెల్లవారువఱకు కూర్చుండును. జనులు కూర్చుండునది ఫలము తెలిసికొనుటకు గాదు. ఆ ఫలము ఎట్లు సిద్ధించునో చూచుటకు. కాని యొక భేదము కలదు. దుర్యోధన వేషము కట్టినవాడు తెల్లవారగనే లేచి, మొగముపై రంగు కడిగికొని, రెండు తొడలతో ఇంటికి నడచి పోవును. అమెరికా గోదాలో ఓడినవాడు అట్లు పోవునను నమ్మకము లేదు. ఆ భేదమును తన శరీరముతో ఎఱిగి, తన చేతితో వ్రాసినవాడు మిక్ ఫోలీ.

ఫోలీ 1965 జూన్ 7 న జన్మించి, న్యూయార్కు రాష్ట్రమున లాంగ్ ఐలండు నందు పెరిగినవాడు. అతని స్వీయచరిత్ర "హేవ్ ఎ నైస్ డే" 1999 లో వెలువడినది. ఇట్టి ప్రసిద్ధుల జీవితములను వారు చెప్పుచుండగా వేరొకరు వ్రాసిపెట్టుట ఆ దేశమున పరిపాటి. ఫోలీకిని ప్రకాశకులు అట్టి లేఖకుని ఏర్పాటు చేసిరి. ఆ వ్రాత అతనికి నచ్చలేదు. తానే కాగితములు ముందు పెట్టుకొని, 700 కు మించిన పుటలు స్వహస్తముతో వ్రాసెను. ఆ గ్రంథము న్యూయార్కు టైమ్స్ పత్రిక ప్రకటించు విక్రయ పట్టికలో ప్రథమస్థానము నందెను. కుస్తీవాడు వ్రాయనేర్చునా యని నవ్వినవారు ఆ పుస్తకము చదివి నవ్వు మానిరి.

చిరకాలాభిమాని ఈ గ్రంథమును చేతబట్టునపుడు అతనికి మూడు అనుభవములు వరుసగా కలుగును.

మొదటిది, ఆ పుటలలో తన్ను తాను చూచుకొనుట. 1983 అక్టోబరు 17 న న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నందు జిమ్మీ స్నూకా, డాన్ మురాకో అను మల్లులకు ఇనుప పంజరములో కుస్తీ జరిగినది. అప్పటికి కళాశాల విద్యార్థియైన ఫోలీ దానిని చూడవలెనని, కోర్ట్‌లండు నుండి దారిన బోవు కార్లను ఆపి ఎక్కుచు, దిగుచు నగరము చేరెను. ఆనాడు కుస్తీలో ఓడినవాడు స్నూకా. ఓడిన పిమ్మట అతడు మురాకోను గోదాలోనికి ఈడ్చుకొనివచ్చి, పడవేసి, తాను పంజరము శిఖరమున కెక్కి, అచటినుండి అతనిపైకి దుమికెను. ఆ దూకుడు చూచిన క్షణముననే ఫోలీ తన బ్రదుకు త్రోవ నిశ్చయించుకొనెను. ఆ రాత్రి గెలిచినవానిని గూర్చి నేడు చెప్పుకొనువారు లేరు; ఓడినవాని దూకుడే నిలిచినది. ఈ పుట చదువు అభిమాని, ఇతడును ఒకప్పుడు జనములో కూర్చుండి చప్పట్లు కొట్టినవాడే గదా యని గ్రహించి, పుస్తకమును మఱింత దగ్గఱకు తీసికొనును.

రెండవది, తాను చూడని శ్రమను చూచుట. ఫోలీ పెన్సిల్వేనియాలోని ఫ్రీడమ్ అను ఊర డొమినిక్ డినూచి యను వస్తాదు వద్ద కుస్తీ నేర్చెను. వారము వారము కళాశాలనుండి గంటల తరబడి కారు నడుపుకొని పోయి, బసకు డబ్బు చాలక ఆ కారులోనే నిద్రించెడివాడు. 1986 లో మొదటిసారి గోదా యెక్కెను. అంతకుముందే మిత్రులతో ఇంటివద్ద ఒక చిన్న చలనచిత్రము తీసికొని, డ్యూడ్ లవ్ అను సొగసుకాని వేషము కట్టి, ఇంటి కప్పుమీదనుండి దుమికెను. పండ్రెండేండ్ల తరువాత, 1997 లో ఆ చిత్రమునే పెద్ద సంస్థవారు దేశమునకంతకు చూపిరి. అంతవఱకు తోలు ముసుగు వేసికొనిన మాన్‌కైండ్ అను భీకర వేషమున అతనిని చూచి జడిసిన జనులు, ముసుగు వెనుక నున్న పిల్లవానిని చూచి ప్రేమింపసాగిరి. ఆ సంవత్సరమే డ్యూడ్ లవ్ వేషమును నిజముగా గోదా యెక్కినది.

మూడవ అనుభవమే ముఖ్యమైనది. అది సుఖమైనది కాదు.

1994 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఫోలీకి, వేడర్ అను భారీకాయునకు కుస్తీ జరిగినది. గోదా చుట్టునుండు త్రాళ్ళ నడుమ మెడ చిక్కుకొన్నట్లు నటించుట ఫోలీకి వాడుకైన విద్య. ఆనాడు త్రాళ్ళు మామూలుకంటె బిగువుగా కట్టబడియుండెను. నటన నిజమైనది. తలను బలవంతముగా లాగికొనగా కుడిచెవిలో అధికభాగము తెగిపోయినది. అయినను కుస్తీ ఆగలేదు. చూపరులలో ననేకులు అది కూడ ప్రదర్శనలో భాగమే యనుకొనిరి.

1998 జూన్ 28 న పిట్స్‌బర్గు నగరమున జరిగినది అంతకు మించినది. గోదాపై నిలిపిన పంజరము ఎత్తు 16 అడుగులు. ఆ పంజరము పైకప్పుమీదనుండి అండర్‌టేకర్ అను మల్లుడు ఫోలీని క్రిందికి త్రోసివేసెను. వ్యాఖ్యాతల బల్ల అతని క్రింద ముక్కలైనది. ఆ పతనము ముందే అనుకొన్నది. మంచముపై మోసికొని పోవుచుండగా అతడు లేచి, తిరిగి పంజరమెక్కెను. ఈసారి పైకప్పు తునిగి, అతడు లోనికి పడిపోయెను. ఇది ఎవ్వరును అనుకొన్నది కాదు. అతనితోకూడ పడిన ఇనుప కుర్చీ మొగమునకు తగిలినది. ఊడిన పన్ను ముక్కులోనికి చొచ్చుకొని పోయినది. అయినను అతడు కుస్తీని చివరివఱకు నడపి, నిర్ణయము ప్రకారము ఓడెను.

ఈ ఘట్టమును గూర్చి గ్రంథకర్త చెప్పిన ఒక మాట అభిమానిని నిలువున ఆపివేయును. ఆ రాత్రి జరిగినదానిలో పెక్కుభాగము ఫోలీకి జ్ఞాపకము లేదు! ఆ అధ్యాయము వ్రాయుటకు అతడు ప్రదర్శనపు వీడియో తెప్పించి చూడవలసి వచ్చెను. స్వీయచరిత్ర యనగా జ్ఞాపకముల కూర్పు. తన జీవితములోకెల్ల ప్రసిద్ధమైన రాత్రిని గూర్చి, తానును ఒక చూపరివలె, బొమ్మచూచి వ్రాసినవాడు ఇతడు. కుర్చీలో సుఖముగా కూర్చుండి చూచిన అభిమానికి ఆ రాత్రి క్షణక్షణమును జ్ఞాపకమున్నది. పడినవానికి లేదు. ఒకని జ్ఞాపకమును వెలగా ఇచ్చి కొనిన దృశ్యము లక్షలమంది జ్ఞాపకములలో నిలిచినది. "అంతయు బూటకమే" యన్నవానికి ఇంతకంటె సమాధానమక్కఱలేదు, "ఎంత బాగున్నది!" అని చప్పట్లు కొట్టినవానికి ఇంతకంటె ప్రశ్నయు నక్కఱలేదు.

అటుపిమ్మట ఫోలీకి విజయము లభించినది. 1998 డిసెంబరు 29 న చిత్రించి, 1999 జనవరి 4 న ప్రసారము చేసిన కుస్తీలో అతడు ఆ సంస్థ యొక్క ప్రథమ బిరుదము నందెను. ఆ రాత్రి పోటీ సంస్థవారు తమ ప్రసారములో ఆ ఫలితమును ముందుగనే వెల్లడించి, హేళన చేసిరి. ఫలము తెలిసినచో చూపరులు అటు పోరని వారి తలంపు. జరిగినది విపరీతము. లక్షలమంది వీరిని విడిచి, ఫోలీ గెలుపు చూచుటకు అటు మరలిరి. వీధినాటకపు ధర్మము అమెరికాలోను అదియే. గ్రంథము దాదాపు ఈ ఆనందముతో ముగియును.

కాని అభిమానికి, గ్రంథము ముగిసిన తరువాతి కథయు తెలియును. ఇరువది దినములు గడచునప్పటికి, 1999 జనవరి 24 న, ఫోలీ చేతులు వెనుకకు విఱిచి సంకెళ్ళు వేయబడియుండగా, రాక్ అను మల్లుడు ఇనుప కుర్చీతో అతని తలపై 11 సార్లు కొట్టెను. చేతులు అడ్డము పెట్టుకొను వీలు లేదు. ముందు వరుసలో అతని భార్యయు, చిన్నబిడ్డలిద్దరును కూర్చుండిరి. బిడ్డలు ఏడ్చుచుండగా తల్లి వారిని బయటికి తీసికొని పోయెను. "బియాండ్ ది మాట్" అను యథార్థచిత్రమున ఈ దృశ్యము కలదు. ఆ చిత్రదర్శకుడు బిడ్డల యేడుపును ఫోలీకి చూపగా, తాను మంచి తండ్రినను ధైర్యము అతనికి సడలినది. ఫలము నిర్ణీతమే, దెబ్బ నిర్ణీతమే, కన్నీరు మాత్రము నిర్ణీతము కాదు. మఱునటి సంవత్సరమున, 35 ఏండ్లు నిండకమునుపే, ఫోలీ పూర్తికాలపు కుస్తీనుండి విరమించెను.

ఇచట ఒక హెచ్చరిక యుచితము. స్వీయచరిత్ర ఒకని సాక్ష్యమే గాని తీర్పు కాదు. ఫోలీ తన గ్రంథమున రిక్ ఫ్లెయిర్ అను ప్రఖ్యాత మల్లుని, కుస్తీల యేర్పాటు చూచు అధికారిగా విమర్శించెను. 2004 లో ఫ్లెయిర్ తన స్వీయచరిత్రలో బదులు చెప్పుచు, ఫోలీ సాహసకృత్యములు చేయువాడే గాని నిజమైన మల్లుడు కాడను అర్థమున వ్రాసెను. ఎవరిది న్యాయము? ఒక పుస్తకము మాత్రమే చదివినవాడు తీర్పు చెప్పలేడు. రెండు పుస్తకములును ఒకే బీరువాలో ప్రక్కప్రక్కన నున్నచోటనే న్యాయమునకు అవకాశము. గ్రంథాలయము ఉండుట అందుకొఱకే.

2010 లో ఆ సంస్థయే తలపై కుర్చీతో కొట్టుటను నిషేధించినది. పదే పదే తలకు తగులు దెబ్బలు మెదడును చెఱచునను వైద్యుల మాట అప్పటికి లోకమున వ్యాపించినది. నిషేధించినది సంస్థయే యైనను, అంతకు పూర్వము ఆ దెబ్బలను అడిగినవారెవరు? ప్రతి పతనమునకు గొంతెత్తి కేక వేసినవారెవరు? అభిమాని ఈ ప్రశ్నను తప్పించుకొనలేడు. ఫోలీ ఆ ప్రశ్నను అతనిపై మోపలేదు. నవ్వించుచు, చెణుకులు విసరుచు తన కథ చెప్పెను. ఆ నవ్వుల నడుమ పాఠకుడే దానిని కనుగొనును.

కావున మొదటి ప్రశ్నకు సమాధానమిది. మహాత్ముల స్వీయచరిత్రలు పాఠకునకు ఎట్లు జీవింపవలెనో నేర్పును. ఈ మల్లుని స్వీయచరిత్ర ఎట్లు చూడవలెనో నేర్పును. సర్కసు డేరాలో ఊయలనుండి ఊయలకు దుముకు పడుచును, దొమ్మరి గడపై తలక్రిందులుగ నిలుచు బాలుని, నాటకమున రాత్రియంతయు గొంతు చించుకొని పద్యము పాడు నటుని చూచునపుడు, ఈ గ్రంథము చదివినవాడు చప్పట్లు కొట్టుట మానడు. మానవలసిన పనియు లేదు. కాని చేతులు కలుపుటకు ముందు ఒక్క క్షణము, ఆ శరీరము ఎవరిదో, దానికై ఇంట ఎవరు ఎదురుచూచుచున్నారో తలచును. ఆ ఒక్క క్షణపు తలంపును కలిగించిన పుస్తకమునకు స్వీయచరిత్రల బీరువాలో చోటు తప్పక కలదు.