ఏటేటా ఒక చిన్న అంగీ

ఈ ఉదయం మీలో తల్లిదండ్రులైన వారితో కొద్ది నిమిషాలు మాట్లాడాలని ఆశపడుతున్నాను.

1987లో మన కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పేరు మీరు వినే ఉంటారు. 1997లో పదేళ్ళలోపు బాలికల చదరంగంలో ఆమె ప్రపంచ విజేత. 1998లో పన్నెండేళ్ళలోపు, 2000లో పద్నాలుగేళ్ళలోపు బాలికలలో కూడా ఆమే. 2002లో, పదిహేనేళ్ళు నిండిన రెండు నెలలలోపే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి లోకంలో అంత చిన్న వయసులో ఆ హోదా పొందిన స్త్రీ మరొకరు లేరు.

ఈ మాట వినగానే మనలో అనేకులు చేసే పని ఒకటుంది. పక్కనే కూర్చున్న మన పిల్ల వైపు తిరిగి, "చూడు, నువ్వూ ఉన్నావు!" అంటాము. ఒక బిడ్డ గెలుపు మరొక బిడ్డకు దెబ్బగా మారుతుంది. ఆ దెబ్బ బయటికి కనబడదు గాని, ఆ బిడ్డ చాలా కాలం దానిని మోస్తుంది.

సమూయేలు తల్లియైన హన్నాను జ్ఞాపకం చేసుకోండి. బిడ్డ షిలోహులో ఉన్నాడు. ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్ళేది. నిరుటి అంగీ ఈ యేటికి చాలదు. పెనిన్నా పిల్లల కొలత సమూయేలుకు సరిపోదు. కాబట్టి కుట్టే ముందు ఆ తల్లి, నా బిడ్డ ఇప్పుడు ఎంత ఎదిగాడో అని తలపోసి ఉంటుంది కదా! మనమైతే ముందు అంగీ కుట్టేసి, బిడ్డను అందులో ఇరికించాలని చూస్తున్నాము.

హంపి తండ్రి అశోక్ గారు తానే చదరంగం ఆడేవారు. బిడ్డలోని వరమును ముందుగా కనిపెట్టారు. ఆ తరువాతే ఉద్యోగం మానుకొని ఆమె పక్కన కూర్చొని నేర్పించారు. ప్రియులారా, ఆ వరుస గమనించండి. ముందు చూచుట, తరువాత శ్రమించుట.

ఇంకొక సంగతి. తొందరగా వచ్చిన గెలుపుతో ఆమె ప్రయాణం ముగియలేదు. 2011లో టిరానాలో ప్రపంచ కిరీటం కొరకు చైనాకు చెందిన హౌ యిఫాన్‌తో తలపడి, ఒక్క ఆట కూడా గెలవకుండా ఓడిపోయింది. ఆ తరువాత వివాహం, 2017లో బిడ్డ. ఆటకు కొంతకాలం దూరంగా ఉండి తిరిగివచ్చి, 2019లో మాస్కోలో మహిళల ర్యాపిడ్ ప్రపంచ విజేత అయింది. గ్రాండ్‌మాస్టర్ అయిన పదిహేడేళ్ళ తరువాత! 2024లో న్యూయార్క్‌లో మరల అదే కిరీటం.

కాబట్టి అమ్మా, అయ్యా, మీ బిడ్డ ఓడిపోయి ఇంటికి వచ్చిన రోజున ఏమి చేస్తున్నారు? ఆ రోజున కూడా తలుపు తీసి, "భోంచేద్దాం రా తల్లీ" అనగలిగితే, ఆ యేటి అంగీ మీరు కుట్టినట్టే.

ప్రార్థన చేద్దాము. తండ్రీ, నీవు మాకిచ్చిన బిడ్డలను ఉన్నవారిని ఉన్నట్టుగా చూచే కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.