సేవకుల ప్రాణం మన అమానతు



స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరంలో ఒక పాత శ్మశానవాటిక ఉంది. పేరుకు అది రాజుల శ్మశానం. నిజానికి అది రాజుల కోసం ఏర్పడినది కాదు. నగరం గౌరవించదలచిన వారికి అక్కడ చోటు లభిస్తుంది. సెర్జియో వియెరా డి మెల్లో అనే బ్రెజిల్ దేశస్థుని సమాధి అక్కడే ఉంది. బంగ్లాదేశ్, సూడాన్, కంబోడియా, తూర్పు తైమూర్ వంటి దేశాలలో నిరాశ్రయుల మధ్య, యుద్ధబాధితుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఐక్యరాజ్యసమితి ఉద్యోగి ఆయన.

సమాధులకు మ్రొక్కడం, వాటిని అలంకరించడం మన ధర్మంలో లేవు. అయితే సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుంది గనుక దైవప్రవక్త (సఅసం) దానికి అనుమతినిచ్చారు. ఈ సమాధి మనకు పరలోకంతోపాటు మరొక విషయాన్ని కూడా గుర్తుచేయాలి. ఆయనను చంపినదెవరు?

2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని కెనాల్ హోటల్ పక్కకు పేలుడు పదార్థాలు నింపిన ట్రక్కు ఒకటి వచ్చింది. ఆ భవనంలో ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఉండేది. పేలుడులో 22 మంది మరణించారు. సెర్జియో శిథిలాల క్రింద గంటల తరబడి ప్రాణాలతో ఉండి, బయటకు రాకుండానే కన్నుమూశారు. మృతులలో ఈజిప్టు మహిళ నాదియా యూనిస్ ఉన్నారు, సొంత గడ్డపై కొలువు చేస్తున్న ఇరాకీలు ఉన్నారు. ఆ పని తమదేనని చాటుకున్నది జర్ఖావీ ముఠా. వారి నోట అల్లాహ్ నామమే! ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2008లో ఆగస్టు 19ని ప్రపంచ మానవతా దినంగా నిర్ణయించింది. ఆ తేదీ వచ్చినప్పుడల్లా మనం తలదించుకోవలసిన పని లేదు. కాని తల తిప్పుకోవడం మాత్రం తగదు.

అదే జెనీవాలో 1864 ఆగస్టు 22న, యుద్ధంలో గాయపడిన సైనికులకూ వారికి చికిత్స చేసేవారికీ రక్షణ కల్పించే ఒడంబడికపై 12 దేశాలు సంతకం చేశాయి. తరువాత ఉస్మానియా సామ్రాజ్యం శిలువకు బదులు నెలవంకను తన చిహ్నంగా ఎంచుకొంది. 1929లో ఆ చిహ్నానికీ ఒడంబడికలో గుర్తింపు లభించింది. నేడు అక్కడి నేషన్స్ కూడలిలో, మందుపాతరల బాధితుల కోసం 1997లో నిలిపిన 12 మీటర్ల కొయ్య కుర్చీ ఒక కాలు విరిగి నిలబడి ఉంటుంది. రెడ్‌క్రాస్ ప్రధాన కార్యాలయం కూడా ఆ దాపుననే. ఆ సంస్థ బాగ్దాద్ కార్యాలయంపై 2003 అక్టోబరు 27న, పవిత్ర రమజాన్ మాసారంభంలో, బాంబు దాడి జరిగింది. బాంబు మోసుకొచ్చిన వాహనం అంబులెన్సు! రోగికి దారి ఇవ్వండని అడిగే బండిని మృత్యువుకు వాహనం చేసినవారు ఏ షరీఅత్ చదివారో మనకు తెలియదు.

మనం చదివిన షరీఅత్ వేరు. బూటకపు ప్రవక్త ముసైలిమా పంపిన దూతలు దైవప్రవక్త (సఅసం) ఎదుట నిలబడి అతని వాదాన్నే వినిపించారు. అయినా దూతలను చంపరాదన్న నియమాన్ని ఆయన పాటించారు. కందకయుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)కు మస్జిదె నబవీ ప్రాంగణంలోనే గుడారం వేయించారు; రుఫైదా (రజి) అక్కడ క్షతగాత్రులకు పరిచర్య చేసేవారు. రక్షణ హామీ పొంది వచ్చిన పరాయివాని ప్రాణం, అతని మతమేదైనా, ముస్లిం సమాజం చేతిలో అమానతు. మన ఫుఖహాలు దీనిని ‘అమాన్’ అన్నారు.

2025 మార్చి 23న, అదీ రమజాన్‌లోనే, గాజాలోని రఫా వద్ద ఇజ్రాయిల్ సైన్యం 15 మందిని కాల్చి చంపింది. వారిలో 8 మంది రెడ్ క్రెసెంట్ సిబ్బంది, ఆరుగురు పౌరరక్షణ దళంవారు, ఒకరు ఐక్యరాజ్యసమితి ఉద్యోగి. వారం గడిచాక ఇసుకలో వారి దేహాలు, నుజ్జయిన వాహనాలు బయటపడ్డాయి. మృతులలో ఒకరి సెల్‌ఫోన్‌లో దొరికిన వీడియోలో అంబులెన్సుల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ దృశ్యం చూసి మన గుండెలు మండాయి. మండవలసిందే. కాని రఫాకు ఏడ్చిన కన్ను కెనాల్ హోటల్‌కు పొడిగా ఉండిపోతే, ఆ ఏడ్పు న్యాయం కోసమా, మనవారి కోసమేనా? ఒక జనంపై ద్వేషం మనల్ని న్యాయం నుండి తొలగించరాదన్న ఆజ్ఞ అల్ మాయిదా సూరా 8వ ఆయతులో ఉంది. ఒక్క ప్రాణాన్ని కాపాడడాన్ని సమస్త మానవాళిని కాపాడడంతో పోల్చిన 32వ ఆయతు కూడా ఆ సూరాలోనిదే.

ఇదంతా దూరదేశాల కథ అనుకోనక్కర లేదు. కరోనా రోజుల్లో మన దేశంలోనే కొన్ని వీధులలో వైద్య సిబ్బందిపై రాళ్లు పడ్డాయి. వదంతులు, భయం కారణాలు కావచ్చు. అవి సాకులు కాజాలవు. టీకా వేయడానికి మన మొహల్లాకు వచ్చిన ఆశా కార్యకర్త, వరదలో పడవ తెచ్చిన యువకుడు మన అమాన్‌లో ఉన్నారు. వారిపై అనుమానం పుట్టించే వాట్సాప్ సందేశం మన చేతికి వస్తే, ముందు విచారించాలి. అబద్ధమని తేలితే దానిని అక్కడే ఆపాలి. ఈ మాట మస్జిదు కమిటీలు పూనుకొని మొహల్లా యువకులకు చెప్పాలి.

ఓ అల్లాహ్! ఇతరుల ప్రాణాలు కాపాడబోయి ప్రాణాలు కోల్పోయిన విశ్వాసులను క్షమించు. బాగ్దాద్‌లో, గాజాలో దిక్కులేనివారైన ఆ కుటుంబాలన్నిటికీ ఊరట ప్రసాదించు. ఈ రాత్రి కూడా అంబులెన్సు నడుపుతున్నవారిని క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమీన్.